మన స్టోర్ రూంలోని పాత బిగుల్ – దాని గుణాలు, ఊదే పద్ధతి



ఈసారి గోడ పత్రికలో నేను మన బిగుల్ గురించి రాస్తున్నాను. పుస్తకాలలో దీన్ని బ్యూగిల్ అని రాస్తారు. మనం బిగుల్ అంటం కాబట్టి నేను కూడా అట్లనే రాస్తాను.

ఎందుకు రాస్తున్నానంటే, స్టోర్ రూంలో పనికిరాని సామానుకు లిస్టు తయారైంది. అందులో విరిగిన బెంచీలు, కాలిపోయిన ఫ్యాన్లు, చిల్లులు పడ్డ గంజులు ఉన్నయి. వాటి కిందనే బిగుల్ పేరు కూడా ఉంది. పక్కన “పలకదు” అని రాసి ఉంది. లిస్టు ఖాయమైతే అది ఇత్తడి తూకానికి పోతది.

కాని అది పలుకుతది. ఇంతకుముందు పదో తరగతి అక్కలకు దాన్ని ఎట్ల పట్టాలె, ఎట్ల ఊదాలె అన్నీ తెలుసు. వాళ్లు పరీక్షలు రాసి వెళ్లిపోయిన్రు. వాళ్లతోపాటు ఆ సంగతులు కూడా పోయినయి. తర్వాత ఊదినోళ్లకు గాలి చప్పుడే వచ్చింది, అందుకని చెడిపోయింది అనుకున్నరు. మేము నలుగురం ఆటల పీరియడ్‌లో రోజూ కొంచెం కొంచెం ఊది, చూసినవన్నీ నోటుబుక్కులో రాసుకున్నం. అవే ఇక్కడ రాస్తున్నాను.

1. బిగుల్ అంటే ఏమిటి?

బిగుల్ ఒక ఇత్తడి గొట్టం. పొడవు ఎక్కువ కాబట్టి రెండు చుట్లు చుట్టి ఉంటది. సన్నగా ఉన్న కొనకు మౌత్‌పీసు పెడతారు. ఇంకో కొన వెడల్పుగా గంట మాదిరిగా తెరుచుకుంటది. మేము దారం పెట్టి గొట్టం వెంబడి కొలిస్తే సుమారు నాలుగున్నర అడుగులు వచ్చింది. మనలో చిన్న తరగతి పిల్లల ఎత్తు అంత.

దీని గంట అంచు మీద మీరట్ అని అక్షరాలు చెక్కి ఉన్నయి. మీరట్ ఉత్తరప్రదేశ్‌లో ఉంది. అక్కడ జలీ కోఠీ అనే బజారులో బ్యాండు వాయిద్యాలు తయారు చేస్తారు. మన దేశంలో పెండ్లి బ్యాండుల వాళ్ల దగ్గర ఉండే బూరలు చాలా వరకు అక్కడివే.

బ్యూగిల్ అనే మాట లాటిన్ భాషలో కోడెదూడ అనే మాట నుంచి వచ్చింది. ఎందుకంటే మొదట్లో అది ఎద్దు కొమ్ముతో చేసిన బూర. మన ఊర్లలో జాతరలకు ఊదే బూరను కూడా కొమ్ము అనే అంటరు గదా! ఇప్పుడది ఇత్తడితో చేసినా పేరు మాత్రం కొమ్మే. ఎక్కడో దూర దేశంలో వాళ్లు, ఇక్కడ మనవాళ్లు ఒకే తీరుగా పేరు పెట్టిన్రు.

2. రంధ్రాలు లేవు, మీటలు లేవు. మరి స్వరాలు ఎట్ల మారుతయి?

పిల్లనగ్రోవికి రంధ్రాలు ఉంటయి. పెండ్లి బ్యాండులో ట్రంపెట్‌కు మూడు మీటలు ఉంటయి. ఆ మీటల పద్ధతికి 1818లో ప్రష్యా దేశంలో పేటెంటు ఇచ్చిన్రు. మీట నొక్కితే గొట్టం పొడవు పెరుగుతది, స్వరం తగ్గుతది. బిగుల్‌కు ఇవేమీ లేవు. గొట్టం పొడవు ఎప్పుడూ ఒక్కటే.

బిగుల్‌లో స్వరం మార్చేవి మన పెదవులు. చిన్న పిల్లలు మోటారు బండి ఆట ఆడుకుంట పెదవులతో “బ్ర్‌ర్‌ర్” అంటరు. అట్లనే పెదవులు దగ్గరకు పెట్టి మౌత్‌పీసులో ఊదాలి. పెదవులు కంపిస్తే గొట్టంలోని గాలి కంపిస్తది. పెదవులు వదులుగా ఉంటే కింది స్వరం, బిగిస్తే పై స్వరం వస్తది.

అయితే మనం కోరుకున్న స్వరం ఏదైనా రాదు. గొట్టం ఒప్పుకున్న స్వరాలే వస్తయి. బిగుల్ మీద మామూలుగా ఊదేవి ఐదు స్వరాలు: స, ప, పై స, పై గ, పై ప. మన బిగుల్‌లో స హార్మోనియం మీద ఐదో నల్ల మెట్టుతో కలుస్తది. ఈ శ్రుతి ఉన్న బిగుల్‌లో ఒక సెకనుకు గాలి ఎన్నిసార్లు కంపిస్తదో కింద చూడండి.

స – 233
ప – 350
పై స – 466
పై గ – 583
పై ప – 699

ఈ అంకెలను లెక్కల పీరియడ్‌లో భాగించి చూడండి. 2 : 3 : 4 : 5 : 6 నిష్పత్తి వస్తది. అంటే అన్నీ సుమారు 116.5కు గుణిజాలు. 2కు, 3కు మధ్యలో ఏ పూర్ణసంఖ్యా లేదు. కాబట్టి స, ప మధ్యలో రి, గ, మ ఎంత కష్టపడ్డా నిలువవు. “నాకు రి రాలేదు, బిగుల్ పాడైంది” అని ఎవరన్నా అంటే అది బిగుల్ తప్పు కాదు.

3. మన బిగుల్‌కు ఉన్న ఆరు గుణాలు

కొత్త బిగుల్ ఎవరు ఊదినా ఒక తీరుగా పలుకుతది. పాతదానికి సొంత గుణాలు ఉంటయి. ఇంట్లో పాత ఆవు ఎవరి చేతికి పాలిస్తదో, ఎక్కడ ముట్టుకుంటే తంతదో ఆ ఇంటి వాళ్లకే తెలుసు. ఇది కూడా అంతే.

మొదటి గుణం: చలికి దిగుతది.
మన నారాయణఖేడ్‌లో చలికాలం పొద్దున ఎంత చలి ఉంటదో అందరికీ ఎరుకే. ప్రార్థన టైముకు బిగుల్ ఊదితే స్వరం కిందికి ఉంటది, మధ్యాహ్నం ఊదితే సరిగ్గా ఉంటది. దీనికి కారణం మన ధ్వని పాఠంలోనే ఉంది. గాలిలో ధ్వని వేగం 0 డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు. ఒక్కో డిగ్రీకి సుమారు 0.6 మీటరు పెరుగుతది. 12 డిగ్రీల చలిలో 338, 30 డిగ్రీల వేడిలో 349. వేగం తగ్గితే స్వరం కూడా అంతే తగ్గుతది. 233 ఉండాల్సిన స చలిలో 226 దగ్గరికి వస్తది. హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు తేడా సుమారు 6 శాతం. ఇక్కడ 3 శాతం దిగింది, అంటే సగం మెట్టు.
చేయాల్సింది: ఊదే ముందు ఐదు నిమిషాలు దాన్ని చున్నీ కింద పెట్టుకోవాలి. తర్వాత చప్పుడు రాకుండా నోటితో వెచ్చని గాలి పంపాలి. పొయ్యి దగ్గర, ఎండలో పెట్టొద్దు.

రెండో గుణం: గొట్టంలో నీళ్లు.
కొంచెం సేపు ఊదినాక గురగుర చప్పుడు వస్తది. “ఛీ, ఉమ్మి” అని కొందరు పిల్లలు దూరం జరుగుతరు. అందులో ఎక్కువ భాగం ఉమ్మి కాదు. మన శ్వాసలోని ఆవిరి చల్లని ఇత్తడికి తగిలి నీళ్లు అవుతది. అన్నం గిన్నె మూత లోపల చుక్కలు పట్టినట్టే. ట్రంపెట్‌కు నీళ్లు వదలడానికి చిన్న మీట ఉంటది. మన బిగుల్‌కు లేదు.
చేయాల్సింది: మౌత్‌పీసు తీసి, బిగుల్‌ను చక్రం తిప్పినట్టు మెల్లగా రెండు చుట్లు తిప్పాలి. ఒకసారి వంచితే రాదు, ఎందుకంటే గొట్టం రెండు చుట్లు ఉంది. నీళ్లు చుట్టు చుట్టుకు జారుకుంట బయటికి రావాలి.

మూడో గుణం: చొట్ట దగ్గర ప జారుతది.
రెండో వంపులో బొటనవేలు పట్టేంత చొట్ట ఉంది. దానివల్ల స మంచిగనే వస్తది, పై స కూడా వస్తది, కాని మధ్యలో ప మాత్రం నిలువకుండా జారుతది. ఒక్క చొట్ట ఒక్క స్వరాన్నే ఎందుకు పాడు చేస్తది? గొట్టంలో గాలి అంతటా ఒకే తీరుగా కంపించదు. కొన్ని చోట్ల ఎక్కువ ఊగుతది, కొన్ని చోట్ల దాదాపు కదలదు. స్వరం మారితే ఆ చోట్లు కూడా మారుతయి. చొట్ట ఉన్న చోటు ఏ స్వరానికి అడ్డం వస్తే ఆ స్వరం చెడుతది.
చేయాల్సింది: ప ఊదే ముందు దాన్ని మనసులో పాడుకోవాలి, లేదా “మ్‌మ్” అని గొంతులో అనుకోవాలి. గట్టిగా మొదలుపెట్టొద్దు. మెల్లగా మొదలుపెట్టి నిలబడినాక పెంచాలి. చొట్టను రాయితో, సుత్తితో కొట్టొద్దు. దాన్ని లోపలి నుంచి ఎత్తాలి, అది పని తెలిసిన వాళ్లు చేసేది.

నాలుగో గుణం: అతుకు దగ్గర గాలి పోతది.
పై స్వరాలు ఊదినప్పుడు సుయ్ అని చప్పుడు వస్తది. దాన్ని పట్టడానికి సైకిల్ పంక్చర్ షాపు ఉపాయం చేసినం. గంట మూతికి పాత సైకిల్ ట్యూబు రబ్బరు కప్పి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ఇంకొకరు మెల్లగా గాలి ఊదాలి. మూడో మనిషి అతుకుల మీద సబ్బు నురగ రాయాలి. మౌత్‌పీసు వైపు నుంచి రెండో అతుకు దగ్గర బుడగలు లేచినయి. అక్కడ టంకం ఊడి సూది మొనంత సందు ఉంది.
చేయాల్సింది: ఇప్పటికి తేనె మైనం వెచ్చచేసి అక్కడ అద్దినం. సుయ్ చప్పుడు పోయింది. కాని ఎండాకాలం మైనం మెత్తబడి ఊడుతది. అసలు మందు టంకమే.

ఐదో గుణం: మౌత్‌పీసు అతుక్కుంటది.
ఊదినాక తీయకుండా పెడితే మౌత్‌పీసు లోపల బిగుసుకుంటది. దాన్ని పట్కారుతో తిప్పితే సన్న గొట్టమే మెలి తిరుగుతది.
చేయాల్సింది: పెట్టేటప్పుడు అరచేతితో కొట్టొద్దు. మెల్లగా పెట్టి కొంచెం తిప్పితే చాలు. ఊదడం అయిపోంగనే తీసేయాలి.

ఆరో గుణం: గ తక్కువగా వినపడతది.
హార్మోనియం పక్కన పెట్టి ఊదితే పై గ కొంచెం కిందికి వినపడతది. అందరూ ఇది కూడా పాతదనం అనుకున్నరు. కాని ఇది చెడు కాదు. బిగుల్ గ సరిగ్గా 5 : 4 నిష్పత్తిలో వస్తది, గొట్టం స్వభావమే అది. హార్మోనియంను మాత్రం అన్ని మెట్లకూ సమాన దూరం వచ్చేటట్టు శ్రుతి చేస్తారు. అందుకని దాని గ కొంచెం పైకి, సుమారు 0.8 శాతం ఎక్కువ ఉంటది. కొత్త బిగుల్ తెచ్చినా ఈ తేడా ఉంటది. కాబట్టి ఆరు గుణాలలో ఇది ఒక్కటి బాగుచేయాల్సింది కాదు, తెలుసుకోవాల్సింది.

4. పాత వాయిద్యాన్ని బలవంతం చేయొద్దు

దీనికి ఒక నిజమైన సంగతి చెప్తాను. 1922లో ఈజిప్టు దేశంలో టూటన్‌ఖామున్ అనే రాజు సమాధి బయటపడింది. అందులో రెండు బూరలు దొరికినయి. ఒకటి వెండిది, ఇంకొకటి రాగి కలిసిన లోహంతో చేసింది. రెండూ సుమారు 3,300 ఏండ్ల కిందటివి. వాటికి కూడా మన బిగుల్ లాగే రంధ్రాలు, మీటలు లేవు. 1939లో వాటిని ఊదించి బీబీసీ రేడియోలో ప్రపంచం అంతటికీ వినిపించిన్రు. కాని దానికి ముందు ఊది చూసేటప్పుడు ఈ కాలపు మౌత్‌పీసును అందులో దూర్చిన్రు. వెండి బూర పగిలింది. తర్వాత దాన్ని అతికించాల్సి వచ్చింది.

అంత పెద్ద వాళ్ల చేతిలోనే అట్ల జరిగితే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి! వేరే బూరది మౌత్‌పీసు తెచ్చి మన బిగుల్‌లో దూర్చొద్దు. దానిదే దానికి పెట్టాలి.

5. తుడవడం ఎట్ల?

ఇత్తడి రాగి, జింక్ కలిపిన మిశ్రమ లోహం. ఇందులో రాగి ఎక్కువ, జింక్ తక్కువ. మనకు పక్కనే ఉన్న బీదర్‌లో బిద్రీ సామాన్లు చేస్తారు. వాటిలో కూడా ఈ రెండు లోహాలే ఉంటయి, కాని జింక్ చాలా ఎక్కువ, రాగి కొంచెమే. అందుకని ఇత్తడి పచ్చగా మెరుస్తది, బిద్రీ నల్లగా చేయడానికి వీలవుతది. కంచు వేరు. అది రాగి, తగరం కలిపింది.

ఇత్తడి మీద పచ్చగా పట్టేది చిలుము. అది కడుపులోకి పోవద్దు. కాబట్టి మౌత్‌పీసు మీద చిలుము ఉంటే తుడవకుండా ఊదొద్దు. ఇంట్లో బిందెలు తోమినట్టు చింతపండుతో తోమొచ్చు, కాని వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవాలి. పులుసు ఎక్కువసేపు ఉంటే అందులోని ఆమ్లం ఇత్తడిలోని జింక్‌ను తింటది. అప్పుడు ఎర్రటి మచ్చలు వస్తయి, అక్కడ లోహం బలహీనమవుతది. ఇటుక పొడి, ఇసుక అసలే వాడొద్దు. గొట్టం పలుచగా ఉంటది, రుద్దితే ఇంకా అరుగుతది.

ఒకరు ఊదిన మౌత్‌పీసు ఇంకొకరు ఊదే ముందు సబ్బు, వేడి నీళ్లతో కడగాలి. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు తగ్గిందాక ఊదొద్దు. ఒక్క రూములో ఇంతమందిమి పడుకుంటం, కాబట్టి ఈ మాట మరిచిపోవద్దు.

6. మన ఆదివాసీలలో ఇత్తడి వాయిద్యాలు

కొందరు చెల్లెండ్లు “బిగుల్ పోలీసులది, మిలిటరీది, మనకెందుకు” అని అడిగిన్రు. ఊదే ఇత్తడి మనవాళ్లకు కొత్త కాదు. ఆదిలాబాద్ వైపు గోండులకు ప్రధాన్లు వాయించే వాయిద్యాలలో కాలికోం అనే ఇత్తడి బూర ఉంది. డోలు, పెప్రెతో కలిపి దాన్ని ఊదుతారు. దీపావళి ముందు జరిగే దండారి పండుగలోనూ, పుష్యమాసం అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరలోనూ ఈ వాయిద్యాలు వినిపిస్తయి. మన తండాలలో నగారాతోపాటు లోహపు పళ్లెం వాయిస్తరు. పళ్లెం కూడా ఎవరిది వాళ్లకే ఎరుక. ఏ అంచున కొడితే మోగుతదో, ఎక్కడ కొడితే మొద్దుగా వస్తదో ఆ ఇంటి ముసలమ్మలు కండ్లు మూసుకొని చెప్తరు. వాళ్లు బడికి పోలేదు. ఏండ్ల తరబడి చేతితో వాయించి నేర్చుకున్నరు. చూసి నేర్చుకునే మనవరాళ్లు పక్కనే ఉంటరు కాబట్టి అక్కడ ఆ విద్య పోదు. హాస్టల్‌లో అట్ల కాదు. ఏటేటా పదో తరగతి వాళ్లు వెళ్లిపోతరు. అందుకే ఇక్కడ రాసి పెట్టాలి.

7. ఆడపిల్లలు ఊదొద్దా?

“బిగుల్ మగపిల్లల పని, ఆడపిల్లలకు అంత బలం ఉండదు” అని కొందరు అంటరు. బలంతో ఊదితే బిగుల్ పలకదు. బుగ్గలు ఉబ్బించి గట్టిగా ఊదినోళ్లకే గాలి చప్పుడు వచ్చింది. కడుపు నిండా గాలి తీసుకొని, సన్నగా, సమంగా వదలాలి. మా నలుగురిలో మొదట స పలికించింది అందరికంటే సన్నగా ఉన్న పిల్ల. పొద్దున మైళ్ల దూరం నీళ్ల బిందె మోసిన ఇండ్లలో పుట్టినోళ్లం, మనకు ఊపిరి తక్కువా?

8. సాధన చేసే క్రమం

మొదటి వారం: బిగుల్ ముట్టుకోవద్దు. మౌత్‌పీసు ఒక్కటే పట్టుకొని పెదవులు కంపించేటట్టు ఊదాలి.
రెండో వారం: బిగుల్‌కు పెట్టి ప ఒక్కటే ఊదాలి. కొత్తవాళ్లకు చాలామందికి మొదట అదే వస్తది. జారినా భయపడొద్దు.
మూడో వారం: స, ప. కిందికి, పైకి పోవాలి.
నాలుగో వారం: పై స. ఇక్కడ పెదవులు నొప్పి పుడతయి. మౌత్‌పీసును పెదవులకు గట్టిగా అదిమితే స్వరం వస్తది కాని పెదవులు వాస్తయి.
ఆ తర్వాత: గ, పై ప.

రోజుకు పది నిమిషాలు చాలు. రెండు నిమిషాలు ఊది, రెండు నిమిషాలు ఆగాలి. తల తిరిగితే వెంటనే కూర్చోవాలి. పరగడుపున ఊదొద్దు, అన్నం తినంగనే కూడా ఊదొద్దు.

9. వార్డెన్ మేడం గారికి మనవి

మేడం గారూ, దయచేసి ఈ నాలుగు మాటలు ఆలోచించగలరు.

ఒకటి, పనికిరాని సామాను లిస్టులోంచి బిగుల్ పేరు తీసేయించండి. ఒక్కసారి మా చేత ఊదించి వినండి. విన్నాక మీరు ఏది చెప్తే అది.
రెండు, ఇత్తడి సామాన్లకు టంకం వేసే వాళ్ల దగ్గర ఆ ఒక్క అతుకు వేయించండి. చొట్ట ఉన్నా ఫరవాలేదు, దానితో ఊదడం మాకు వచ్చింది.
మూడు, పాత చద్దరు ముక్కతో మేమే సంచి కుట్టుకుంటం. గోడకు ఒక మేకు కొట్టించండి. స్టోర్ రూంలో సామాను కింద పడి ఉండబట్టే చొట్టలు పడుతున్నయి.
నాలుగు, బిగుల్‌తోపాటు ఒక నోటుబుక్కు ఉండాలి. అందులో ఎవరు ఊదినా తేదీ వేసి, ఏమి తెలిసిందో ఒక వాక్యం రాయాలి. మా నోటుబుక్కునే మొదటిదిగా ఇస్తం.

వచ్చే ఏడు మేము పదో తరగతి. ఆ తర్వాత మేము కూడా వెళ్లిపోతం. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి చెల్లెండ్లలో ఇద్దరు ముగ్గురు ఇప్పుడే వస్తే నేర్పిస్తం. శనివారం ఆటల పీరియడ్‌లో వేపచెట్టు కింద ఉంటం. మౌత్‌పీసు కడగడానికి ఎవరి సబ్బు వాళ్లు తెచ్చుకోవాలి.

ఈ ఆరు గుణాలు కాక ఇంకేదైనా మీకు తెలిస్తే ఈ కాగితం కింద ఖాళీ ఉంచినాను, పెన్సిలుతో రాయండి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని